అవ్వ అడిగిన ఫోటో

ఫోటోగ్రఫీ డిగ్రీ చేతిల పట్టుకొని తిరిగినా హైదరాబాద్‌ల ఏ చానెలోళ్లూ పని ఇయ్యలే. ఇంటికి పోదామని కామారెడ్డిల ఎల్లారెడ్డి బస్సెక్కిన. పక్కన కూసున్న అవ్వ నా ఒళ్లో కెమెరా చూసింది.

"నాదొక ఫోటో దియ్యి బిడ్డా. సచ్చినంక ఫ్లెక్సీ ఏస్తరు గదా. ఆధార్ ఫోటోల దయ్యం లెక్కున్న."

కొంగు సవరించుకొని, నవ్వకుండ కూసున్నది. తీసి చూపించిన.

"గిది నేనే," అన్నది.

నడుమ స్టేజీల దిగిపోయింది. ఆమె పేరూ ఊరూ నేను అడగలే.

ఇప్పుడు కామారెడ్డి ఫ్లెక్సీ షాపుల పనిజేస్తున్న. శ్రద్ధాంజలి ఫ్లెక్సీలకు అందరూ ఆధార్ ఫోటోలే తెస్తరు. పెద్దగ జేస్తే ముఖాలన్నీ ఒక్కతీరుగ మసకైతయి. ఆ అవ్వ ఫ్లెక్సీ గూడ ఎప్పుడో నా చేతుల మీదుగనే పోయిందేమో. నేను తీసిన ఫోటో మాత్రం నా దగ్గర్నే ఉన్నది.