అడుగున ఉన్న పేరు

ఎనభైలలో నాకు డెన్మార్క్, స్వీడన్ దేశాల పాత గిన్నెల పిచ్చి ఉండేది. రాయిలా గట్టిగా కాల్చిన మట్టి గిన్నెలవి. హైదరాబాదు పాత సామాన్ల బజారులో ఏది దొరికినా ముందు బోర్లించి చూసేదాన్ని. అడుగున చేసినవాళ్ల పేరు చెక్కి ఉంటేనే ఇంటికి తెచ్చి అద్దాల బీరువాలో పెట్టేదాన్ని.

ఒకసారి తాండూరు బండి కోసం వికారాబాదు స్టేషన్లో కూర్చున్నాను. నా పక్కన, బురఖా ముసుగు పైకెత్తుకున్న ఒక ముసలామె సంచిలోంచి గిన్నె తీసింది. తేనెరంగు మెరుపు, అంచున నీలం చార. అచ్చం నా బీరువాలోవాటి లాంటిదే.

"ఇది మీకెక్కడిదమ్మా?"

"కరణ్‌కోటల సిమెంటు ఫ్యాక్టరీకి మిషన్లు బిగియ్యనీకి వచ్చిన తెల్లదొరకు మా ఇంటాయన వంట చేసిండు. పోయేటప్పుడు ఇచ్చి పోయిండు."

అడిగి తీసుకుని బోర్లించాను. అడుగంతా నల్లటి గీతలు. పేరు అరిగిపోయి, చివరి అక్షరం తోక మాత్రం మిగిలింది.

"అయ్యో, పేరు పోయిందే!"

"కత్తి మస్తు నూరుతది బిడ్డా గీ అడుగు," అంటూ గిన్నె అందుకుని, చాకును నాలుగుసార్లు దానికే రాసింది. ఆ తోక కూడా పోయింది. తర్వాత జామకాయ కోసి, ఉప్పుకారం చల్లి, గిన్నె నా ముందుకు జరిపింది.

"పేరుతోని ఏం పని? జర తిను."

తిన్నాను.

ఇప్పుడు మా వంటింట్లో ఒక డెన్మార్క్ గిన్నె ఉంది. కొన్నప్పుడు దాని అడుగున పేరు ఉండేది.