పడని వానకు కొలత

దయ్యాల మీద, శకునాల మీద నేను పోట్లాడినంతగా మా వైపు ఇంకెవరూ పోట్లాడి ఉండరు. ముప్పై ఏళ్ళు హిందూపురంలో, ధర్మవరంలో దొరికిన ప్రతి వేదికా ఎక్కాను. నిమ్మకాయ కోస్తే నెత్తురు ఎలా కారుతుందో పిల్లల ముందు చేసి చూపించాను. పూనకాల వాళ్ళను నిలదీసి తన్నులు తినబోయిన సందర్భాలూ ఉన్నాయి. దయ్యాన్ని అప్పుడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మడం లేదు.

ఈ సంగతి రాయడానికి నాలుగేళ్ళు వెనకాడింది కూడా అందుకే. ఇది చదివి నేను ఎదిరించిన వాళ్ళందరూ పండగ చేసుకుంటారు. చేసుకోనివ్వండి. చూసింది చూసినట్టు చెప్పండని ఊరందరినీ అడిగినవాణ్ణి, నా వంతు వచ్చినప్పుడు నోరు మూసుకుంటే నాకంటే దొంగ ఉండడు.

పెనుకొండలో మా మిద్దె మీద వాన కొలిచే పాత్ర ఒకటి పెట్టుకున్నాను. ఉద్యోగం అయిపోయినప్పటి నుంచీ రోజూ పొద్దున ఆరున్నరకు దాన్ని చూసి నోటుపుస్తకంలో రాస్తాను. పక్కనే కంటికి కనపడినవి కూడా రాస్తాను. కొండ మీది మంచు ఎంత కిందికి దిగింది, గాలి ఏ దిక్కుది, సీతాఫలాలు ఎప్పుడు కళ్ళు విచ్చాయి, తంగేడు ఎప్పుడు పూసింది, తూనీగలు ఎంత ఎత్తులో తిరుగుతున్నాయి. చీమలు గుడ్లు మోసుకుపోతే వాన ఖాయమంటారు మా వాళ్ళు. రెండేళ్ళు వరసగా లెక్క పెట్టాను. వచ్చినన్నిసార్లు రాకుండానూ పోయింది.

ఆశ్వయుజం, కార్తీకం వానలు మాకు సొంతవి కావు. ఎక్కడో కోస్తా దగ్గర సముద్రంలో వాయుగుండం లేస్తే దాని అంచు ఇక్కడి దాకా వస్తుంది. వచ్చినా సమంగా పడదు. రోడ్డుకు ఈ పక్క చేను తడిస్తే ఆ పక్క చేనులో దుమ్ము లేస్తుంది.

మా చెల్లెలు నారాయణమ్మ, ఆమె భర్త ఓబులేసు గొర్రెలు కాస్తారు. మా తాతల నాటి పనే అది. చదువు పేరుతో నేను తప్పించుకున్నాను, చెల్లెలు తప్పించుకోలేదు. ఆ ఏడు వాళ్ళు తొంభై గొర్రెలతో ధర్మవరం దారిలో ఎండిన వాగు లాంటి ఒక వంకలో మంద వేశారు. ఆ వంక పుట్టేది మా పెనుకొండ వైపు గుట్టల్లోనే.

వంకలో మంద వేయడమేమిటని బయటివాళ్ళకు ఆశ్చర్యంగా ఉంటుంది. మా వాళ్ళకు అది తెలివైన పని. చుట్టూ నల్లరేగడి చేన్లు. వారం కింద అక్కడ పడిన జల్లులకు అవి ఇంకా ఆరలేదు. ఆ బురదలో నిలబడితే గొర్రెల గిట్టలు చీకిపోతాయి. వంకలో ఇసుక పొడిగా, వెచ్చగా ఉంటుంది. నీళ్ళు పారి మూడేళ్ళయిన వంకను మా సీమలో ఎవరూ వంక అనుకోరు. గూటాలు నాటి వల కట్టేస్తారు, పక్కనే గుడిసె వేసుకుంటారు.

ఆ రోజు పొద్దున మిద్దె ఎక్కేసరికి మంచు దట్టంగా ఉంది. గచ్చు చెమ్మగా, నల్లగా కనిపించింది. పాత్రలో నీళ్ళు ఉన్నాయి. కొలిచాను. నలభై ఎనిమిది మిల్లీమీటర్లు. నాకు నిద్ర గట్టిది, రాత్రి కురిసింది నాకు వినపడలేదనుకున్నాను. నోటుపుస్తకంలో రాసి, నీళ్ళు పారబోశాను.

ఇంత వాన ఇక్కడ పడితే గుట్టల్లో ఇంకా ఎక్కువ పడి ఉంటుంది, ఆ నీళ్ళన్నీ వంకలోకే పోతాయి. ఈ ఆలోచన రావడానికి ఏ మహిమా అక్కర్లేదు. వెంటనే చెల్లెలికి ఫోన్ చేశాను.

"నారాయణమ్మా, ఉన్నపళంగా మందను గట్టెక్కించండి. నీళ్ళు వస్తాయి."

"నీళ్ళా? ఈడ సుక్క లేదన్నా. ఆకాశం అద్దం మాదిరి ఉండాది."

"ఇక్కడ పడింది. నేను కొలిచి చెప్తాండా."

ఓబులేసు ఫోన్ లాక్కున్నాడు. "ఏం బావా, పొద్దున్నే నీ వానసీసా ఏమన్నా కలలోకొచ్చిందా? నిన్న పుట్టిన గొర్రెపిల్లలు పదకొండు ఉండాయి గంపల కింద. ఈ బురదలో యాడికి మోసేది?"

"ఓబులేసూ, నేనెప్పుడన్నా నీకు ఉత్తమాట చెప్పినానా?"

"ఇన్నేళ్ళకు ఒకటి అడిగినావులే, ఎక్కిస్తాం," అని పెట్టేశాడు.

కిందికి దిగి రాత్రి వాన సంగతి నా భార్యకు చెప్పాను. ఆమె చేతిలో ముగ్గు చిప్ప అలాగే ఉంది.

"వాన యాడ పడింది? దుమ్ము లేస్తాందని నేనే రెండు బిందెలు నీళ్ళు సల్లి ముగ్గేసినా. నీ పాత్రలో మాత్రమే పడిందేమో పో."

బయటికి పోయి చూశాను. వీధి పొడిగా ఉంది. స్కూటర్ సీటు మీద నిన్నటి దుమ్ము నిన్నటిలాగే ఉంది. మిద్దె నీళ్ళు దిగే గొట్టం నోటికి సాలెగూడు చెక్కు చెదరకుండా ఉంది. గచ్చు మీద నేను చూసింది మంచు చెమ్మ. హిందూపురంలో నాలాగే వాన కొలిచే మిత్రుడొకడు ఉన్నాడు. అతనికి ఫోన్ చేశాను.

"ఈడా లేదు సార్, ఆ పక్క ఊర్లలోనూ లేదు. సుమ్నే ఊరుకోండి, ఎవరికీ చెప్పకండి, నవ్వుతారు," అన్నాడు.

సిగ్గుతో చెవులు వేడెక్కాయి. ఎవరో నాతో ఆట ఆడారు, నేను పరీక్షించకుండా నమ్మాను. తప్పు చేస్తే తప్పని చెప్పాలి కదా. మళ్ళీ చెల్లెలికి ఫోన్ చేశాను. అప్పటికి తొమ్మిది దాటింది.

"నారాయణమ్మా, నాదే పొరపాటు. వాన పడలేదు. మందను మళ్ళీ ఇసుకలోకి దించుకోండి."

ఆమె తిట్టిన తిట్లన్నీ ఇక్కడ రాయలేను. "ఎక్కించిన్యాక దించమంటావా? గూటాలు పీకి, వల మోసి, పిల్లల్ని సంకలో పెట్టుకుని సచ్చినాం. నడుములు ఇరిగిపోయినాయి. మేమేమన్నా నీకు గొర్రెలమా, ఎటు అదిలిస్తే అటు పోయేకి? దించేది లేదు. ఈ పూట ఈడే. గిట్టలు చీకితే నువ్వొచ్చి కట్టు కట్టు!"

మధ్యాహ్నం రెండింటికి తూర్పు గాలి తిరిగింది. నోటుపుస్తకంలో ఆ సమయం కూడా ఉంది. మూడున్నరకు కొండ కనిపించకుండా పోయింది. ఆ రోజు మాకు తేలికపాటి జల్లులే అన్నారు రేడియోలో. పడింది జల్లు కాదు. మా వీధిలో మోకాలి లోతు నీళ్ళు పారాయి. చెల్లెలికి ఫోన్ చేస్తే కలవలేదు. పదిసార్లు చేశాను. దించుకోండి అన్న నా మాటే చెవిలో తిరుగుతూ ఉంది. కోపం చల్లారి ఓబులేసు నా మాట విని ఉంటే? ఏ దేవుడికీ మొక్కనివాడికి అలాంటి సాయంత్రం చాలా పొడవుగా ఉంటుంది.

చీకటి పడే వేళకు ఆమే చేసింది. మొదట ఏడుపు వినిపించింది. ఆ తర్వాత గొర్రెల అరుపులు.

"వంకొచ్చిందన్నా. ఒక్కసారే వచ్చింది, గోడ మాదిరి. మా గుడిసె పాయ. గంపలు పాయ. మందేసిన తావులో తాటిచెట్టంత మాను కొట్టుకుపోతాంది. మేమందరం గట్టు మీద ఉండాం. ఒక్క పిల్ల గూడా పోలేదు."

మరుసటి పొద్దున పాత్రలో నీళ్ళు కొలిచాను. నలభై ఎనిమిది. కొలిచే గాజు గొట్టం మార్చి మళ్ళీ కొలిచాను. నలభై ఎనిమిదే.

ఆ తర్వాత నేను చేయని విచారణ లేదు. మిద్దె తలుపుకు తాళం ఉంటుంది, తాళంచెవి నా దగ్గరే. పక్కింటి వాళ్ళ నీళ్ళ ట్యాంకు మా మిద్దె కంటే దిగువన ఉంది. కొండ నుంచి కోతులు వస్తాయి, కానీ చుట్టూ చుక్క చిందకుండా పాత్ర మీది సన్నటి గరాటులో నీళ్ళు పోసే కోతిని నేను చూడలేదు. మంచు కరిగితే అన్ని నీళ్ళు కావు. ఎవరో ఆట పట్టించారనే అనుకుందాం. ఆ మరునాటి కొలత వాళ్ళకు ఎలా తెలిసింది? నేనే తప్పు చదివానా అంటే, రాసుకున్న అంకె నా చేతి రాతలో, వాన పడక ముందటి పేజీలో ఉంది. ఉదయం ఏడు లోపే నేను చేసిన ఫోన్ చెల్లెలి సెల్‌లో ఉంది. కాకతాళీయం అంటారు మిత్రులు. ఇంకొకరికి జరిగితే నేనూ అదే అనేవాణ్ణి.

పది రోజులకు చెల్లెలు, ఓబులేసు మంద తోలుకుని మా ఊరి మీదుగా వచ్చారు. నేను బజారు నుంచి వచ్చేసరికి మిద్దె మీద పాత్రకు పసుపు పూసి, కుంకుమ పెట్టి, టెంకాయ కొట్టేశారు. కింద పొట్టేలును కట్టేసి ఉంచారు.

"ఏమిది నారాయణమ్మా! నా ఇంట్లోనే నాకు గుడి కడతాండారా?"

"నీకు కాదులే. నువ్వయితే మళ్ళీ వంకలోకి దిగమన్నోడివి," అన్నాడు ఓబులేసు. నా భార్య నవ్వింది. నాకూ నవ్వు ఆగలేదు.

పొట్టేలును కోయనివ్వనని గట్టిగా వాదించాను. అందులో మాత్రం గెలిచాను. పాత్రను కడిగేస్తుంటే చెల్లెలు మెట్ల మీద కూర్చుని అడిగింది, "మరి ఎవురు సెప్పినారన్నా నీకు?"

"తెలీదమ్మా."

"తెలీదా? ఇన్ని పుస్తకాలు సదివినావు."

"నిజంగా తెలీదు."

ఆమె వాదన పెట్టుకోలేదు. కొంగు లోపల నుంచి ఒక గొర్రెపిల్లను తీసి నా ఒడిలో పెట్టింది. గంప కింది పదకొండింటిలో అదొకటట. తల్లికి పాలు తక్కువైతే సీసాతో పాలు పట్టి పెంచుతోందట. అది నా వేలును పాలసీసా అనుకుని చప్పరించడం మొదలుపెట్టింది.

ఆ వెచ్చని నోరు వేలికి తగులుతుంటే నాకు కళ్ళు నిండాయి. ఎవరికో కృతజ్ఞత చెప్పుకోవాలనిపించింది. ఎవరికని తోచలేదు. అయినా చెల్లెలు వినేలా పైకే అన్నాను, "మేలు జరిగింది." ఆ పొద్దున పాత్రలోకి నీళ్ళు ఎలా వచ్చాయో నాకు ఈ రోజుకీ తెలియదు.