ట్యాంకు మూత మీది ముడి

ఇవాళ పొద్దున మా క్వార్టర్ల ముందు గడ్డి కోసే మిషను స్టార్ట్ చేశారు. పెట్రోలూ ఆయిలూ కలిసి కాలిన నీలం పొగ కిటికీలోంచి మెల్లగా లోపలికొచ్చింది. ఆ వాసనంటే నాకు పిచ్చి. నవ్వుకునేవాళ్ళు నవ్వుకోనీ! చేతిలో టీ గ్లాసు చేతిలోనే ఉంది, నేనున్నది జగదల్‌పూర్‌లోనే, కానీ మనసు అప్పటికే శబరి నది మీద తేలుతోంది. మంచులో అవతలి ఒడ్డు కనిపించడం లేదు. పడవ వెనక చివర తలకి తువ్వాలు చుట్టుకుని ముత్తయ్య కాక కూర్చున్నాడు. ఆయన అరచెయ్యి మోటరు మీద ఉంది, జ్వరం చూస్తున్నట్టు.

నేను కిరండూల్‌లో పెరిగినదాన్ని. నాన్నది గనిలో ఉద్యోగం. నర్సుగా నాకు మొదటి పోస్టింగు కొంటాకి ఎగువన, ఏటి ఒడ్డు ఊళ్ళలో పడింది. వానాకాలం వస్తే ఆ ఊళ్ళకి దారంటూ ఉంటే అది ముత్తయ్య కాక పడవే. ఆయన దోర్లా తెగ మనిషి. నాతో తెలుగు, ఇంట్లో దోర్లీ, బజార్లో హిందీ మాట్లాడేవాడు. మోటరుతో మాత్రం ఏ భాషా లేదు, ఊరికే వినేవాడు. నాకా, చిన్నప్పట్నుంచీ కాలు నిలవదు. మొదటి వారంలోనే ఒకరోజు మోటరు దగ్గుతూ, ఆగుతూ, మళ్ళీ ఎగిరిపడుతూ నడుస్తుంటే ఓపిక పట్టలేక, "కాకా, విప్పి చూడొచ్చుగా!" అన్నాను.

"ఏందమ్మా ఆ తొందర? నీ దగ్గరికి జరమొచ్చినోడు వస్తే ముందుగాల్నే కడుపు కోస్తవా?"

"లేదు. ఏం తిన్నాడో, ఎప్పట్నుంచి వస్తోందో అడుగుతాను."

"దీన్ని గూడ గట్లనే అడగాలె," అని కళ్ళు మూసుకున్నాడు. కాసేపటికి మోటరు స్పార్కు ప్లగ్గు విప్పి నా అరచేతిలో పెట్టాడు. "తడిగుంటే ఎక్కువ తాగినట్టు. పొడిగుంటే ఆకలి మీదున్నట్టు. దాన్ని చూసినంక, దీని మీద ఆఖరికి ఎవరి చెయ్యి పడ్డదో అడగాలె. సగం రోగాలు మన చేతులవే." ఆ రోజు ప్లగ్గు తడిగా ఉంది, దాని మూతి నల్లటి మసితో మూసుకుపోయింది. ఆయన గరుకు కాగితంతో రుద్దుతుంటే నేను నీళ్ళ మీద పడుతున్న ఎండని చూస్తూ కూర్చున్నాను. అంత నిదానంగా పని చేసే మనిషిని అదివరకు చూడలేదు.

అక్కడ వాన మొదలైందంటే అన్నిటికీ కవర్లు కట్టేసేవాళ్ళం. ఉప్పుకి, అగ్గిపెట్టెకి, ఫోనుకి, ఆధార్ కార్డుకి. నా సంచిలో ఎప్పుడూ పది పాలిథిన్ కవర్లుండేవి. బుద్రి కథ ఆ కవర్లతోనే మొదలైంది. బుద్రి ఆ ఏటి ఒడ్డు ఊళ్ళలో ఒకదాని కోడలు, అది తొలి కాన్పు. రెండు రోజులుగా నొప్పులు, బిడ్డ అడ్డం తిరిగింది. కొంటా ఆసుపత్రికి తీసుకెళ్ళకపోతే ఇద్దరూ దక్కరని చెప్పాను. బుద్రి అత్త ససేమిరా అంది. ఆ ఊరినుంచి కాన్పుకని ఏరు దాటిన ఆడది లేదు. బతిమాలి, కసిరి, చివరికి చేతులు పట్టుకుని ఒప్పించాను. నులకమంచంతో సహా బుద్రిని పడవలోకి ఎక్కిస్తుంటే వాన దంచుతోంది. పెట్రోలు ట్యాంకు మూత మీద నీళ్ళు నిలుస్తున్నాయి. పెట్రోల్లో నీళ్ళు పడితే మోటరు పని అంతేనని కాకే కదా చెప్పాడు! గబగబా మూతకి కవరు తొడిగి, దాని మీద బ్యాండేజీ గుడ్డ నాలుగు చుట్లు బిగించి ముడేశాను. ఎంత తెలివైనదాన్నో అని నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా.

నడి ఏట్లో మోటరు గొంతు మారింది. ఒకసారి లేచింది, తగ్గింది, మళ్ళీ లేచింది, ఆగిపోయింది. వాన చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. పడవ పక్కకి తిరిగి ప్రవాహంతో జారిపోతోంది. బుద్రి మూలుగు కూడా సన్నబడింది. అత్త నా మణికట్టు పట్టుకుంది. "నువ్వు రమ్మంటేనే వచ్చినం సిస్టరమ్మా," అంది. 

కాక తొందరపడలేదు. మునిగిన చెట్టు కొమ్మకి తాడు విసిరి పడవని నిలబెట్టాడు. ప్లగ్గు విప్పాడు. పొడిగా ఉంది. పెట్రోలు గొట్టం మధ్యలో చేత్తో నొక్కే రబ్బరు బుడ్డ ఉంటుంది, అది లోపలికి అణిగిపోయి మళ్ళీ ఉబ్బడం లేదు. అక్కణ్ణుంచి గొట్టం వెంబడి వేలు పోనిస్తూ ట్యాంకు దాకా వచ్చి ఆగాడు. నా ముడి మెల్లగా విప్పాడు. కవరు తియ్యగానే ట్యాంకు ఉస్సుమని గాలి పీల్చుకుంది.

నాకప్పుడు అర్థమైంది. గాలి లోపలికి పోతేనే పెట్రోలు బయటికొస్తుంది. మూతకున్న చిన్న కంతని నేనే ఊపిరాడకుండా కట్టేశాను. కాక నా వైపు చూడనైనా లేదు. గుడ్డని జేబులో పెట్టుకుని తాడు లాగాడు. మూడో లాగుకి మోటరు అందుకుంది.

"ఏమైంది కాకా?" అంది అత్త.

"ముసలి మోటరు గదా. నా లెక్కనే నడుమల కూసున్నది."

కొంటాలో ఆపరేషను చేశారు. ఆడపిల్ల. తల్లీ బిడ్డా దక్కారు. నేను ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను. "కాకా, ఆ కవరు నేనే..." అనబోతే, "ముందుగాల చాయ్ తాగు," అని గ్లాసు చేతిలో పెట్టాడు. మళ్ళీ ఆ మాట ఎత్తనివ్వలేదు. ఆ ఏడాది అదే ఊరినుంచి ఇంకో ముగ్గురు ఆడవాళ్ళు నా మాట మీద పడవెక్కారు. కాక నిజం దాచింది నా పరువు కాపాడడానికేనని చాలా ఏళ్ళు అనుకున్నాను. కృతజ్ఞత ఎంతుందో సిగ్గూ అంతే ఉండేది.

బదిలీ అయ్యాక ఎప్పటికో ఒకసారి వెళ్ళాను. కాక బాగా వంగిపోయాడు. పడవ అల్లుడు నడుపుతున్నాడు. ట్యాంకు పిడికి నా బ్యాండేజీ గుడ్డ కట్టి ఉంది, ఆయిలుతో నల్లగా, గట్టిగా అయిపోయి. దాన్ని చేత్తో పట్టుకున్నాను. "నా తప్పుని ఇన్నేళ్ళు ఇలా వేలాడదీశావా కాకా?" అన్నాను.

ఆయన విచిత్రంగా చూశాడు. "నీ తప్పేంది? పడవ తీసే ముందు మూత చూసుడు నా పని. ఆ దినం నేను చూడలె. మల్ల మరువొద్దని నాకు నేను కట్టుకున్న."

 ఆ గుడ్డ నాకిమ్మని అడిగాను. ఇవ్వలేదు.

"ఇది నాది. నీది నువ్వు కట్టుకో," అన్నాడు.

కట్టుకున్నాను. నా డ్యూటీ బ్యాగు పట్టీకి జానెడు బ్యాండేజీ గుడ్డ ఉంటుంది. వార్డులో ఏదైనా తేడా వచ్చి ఎవర్నో ఒకర్ని కేకెయ్యబోయినప్పుడు చెయ్యి దాని మీద పడుతుంది, ముందు నేనేం ముట్టుకున్నానో గుర్తు చేసుకుంటాను. కొత్తగా వచ్చిన నర్సు పిల్లలు అదేదో మొక్కు అనుకుంటారు. నేను కాదనను.