ఊదా రంగుకు రెండు రోజులు

కజితాని గారు మా కొండ ఊరి షింటో గుడి పూజారి. ముప్పై ఒక్క ఏళ్ళు లేతనీలం హకామానే, పాదాల దాకా ఉండే ఆ కుచ్చిళ్ళ బట్టనే, నడుముకు కట్టారు. చిన్న హోదా పూజారులకు ఆ రంగే. పై మెట్టెక్కితే ఊదా. పట్నం గుళ్ళలో ఆయన కొడుకు వయసువాళ్ళు కూడా ఊదా కట్టి తిరుగుతుంటే, ఈయన ఇక్కడ మెట్ల మీద ఆకులు ఊడుస్తూ ఉండిపోయారు. పక్కింట్లో టోఫు చేసి అమ్ముకునే నేను నోరు మూసుకుంటానా? "ఆ నీలం మీ ఒంటికి అతుక్కుపోయిందా ఏంటండీ?" అనేదాన్ని. ఆయన నవ్వేసేవారు. బాధంతా ఆయన భార్య తొమియే వదినదే.

ఈ ఏడు హోదా ఖాయమైంది. అక్టోబరు పద్దెనిమిది నుంచి ఊదా. వదిన గుడ్డ తెప్పించి తనే కుట్టింది. కుట్టిన వారానికే ఆస్పత్రిలో చేరింది. క్యాన్సర్ కాలేయానికి పాకిందన్నారు.

పదో తారీఖున నేను అక్కడే ఉన్నాను. "ఏవండీ, ఒక్కసారి కట్టుకుని రండి. చూడాలనుంది," అంది వదిన.

"పద్దెనిమిది దాకా అది నా రంగు కాదే, తొమియే."

నాకు ఒళ్ళు మండింది. "ఆస్పత్రిలో ఏ దేవుడు చూస్తాడండీ?"

"ఎక్కడైనా చూస్తాడనే కదమ్మా ఇన్నేళ్ళూ పూజ చేసింది."

"ఈయనంతేలే, కినుయో," అని వదినే నన్ను సముదాయించింది. "ఎనిమిది రోజులేగా. ఉంటాను."

పదహారో తారీఖు పొద్దున పోయింది.

వదినకు తెల్లబట్టలు కట్టారు. ఆయన చావుకు కట్టే బూడిదరంగు హకామాలో కూర్చున్నారు. మైల యాభై రోజులు. అన్నాళ్ళూ గుడి తోరణం దాటకూడదు, పూజబట్టలు తాకకూడదు. ఆ నెలలో వచ్చిన గుడి పండగ పూజ పక్క ఊరి పూజారి చేశాడు.

పద్దెనిమిదిన టోఫు ఇద్దామని వెళ్ళాను. హోదా కాగితం వచ్చింది. ఆయన బట్టల పెట్టె తెరిచి, చేతులు ఒళ్ళో పెట్టుకుని చూస్తున్నారు.

"ఇవాళ్టి నుంచి ఇది నాదే, కినుయో," అన్నారు. నా వైపు తిరిగారు. "ఆ రోజు కట్టుకుని ఉంటే ఎవరికేం పోయేదమ్మా?"

ఆస్పత్రిలో నేనడిగిందీ అదే. ఇప్పుడు ఆయన అడుగుతుంటే నాకు ఏడుపొచ్చింది. టోఫు గిన్నె అక్కడే పెట్టి వచ్చేశాను.