అల్లుడి కోసం వండిన జన

మొన్న మిరుగం నాడు, అంటే మృగశిర కార్తె మొదలైన రోజున, మన జనమంతా చేప తినకపోతే సూర్యుడు అస్తమించడేమో అన్నట్టు మార్కెట్ మీద పడతారు కదా, ఆ తొక్కిసలాటలో మంచినీటి చేపల దాకా చేరడానికి కనీసం నాలుగు భుజాలు కావాలి, నాకున్నవి రెండే కాబట్టి, ఒక మూలన మంచుపెట్టెలో వచ్చిన సముద్రపు చేపలతో సరిపెట్టుకున్నాను. కోసిచ్చే ఆమె అరచేయంత చేప పొట్ట చీల్చి పసుపురంగు ముద్ద తీసి పక్కన పెట్టింది. జన. చేప గుడ్లను మా వైపు అలాగే అంటాం. ఇంత చిన్నదానికి జన ఏమిటని అడిగితే, ఆమె కత్తిపీట మీంచి తలెత్తకుండానే, "గిప్పుడన్నీ గంతే సారూ, పిల్లలే పిల్లలను కంటున్నయ్" అంది.

ఆ మాట పట్టుకుని, విశాఖలో సముద్రపు చేపల గురించి చదువుతున్న మా చిన్నమ్మాయికి ఫోన్ చేశాను. దాన్ని చెంబెడు అడిగితే సముద్రమంత చెబుతుంది. ఏళ్ల తరబడి వలలు పెద్ద చేపలనే ఎత్తుకుపోతుంటే, నిదానంగా ఎదిగేవి గుడ్లు పెట్టకముందే పోతాయట, తొందరపడి చిన్నతనంలోనే తల్లులయ్యేవే మిగులుతాయట, వాటి పిల్లలకూ అదే తొందరట, ఇలాంటి చిట్టి తల్లులు ఎన్ని కలిసినా ఒక్క పెద్ద తల్లి పెట్టినన్ని గుడ్లు పెట్టలేవట. చివర్లో, "గిదంతా తాతకు ఎప్పుడో తెల్సు కద బాపూ" అంది. నేను దగ్గాను. తాత కథ దానికి సగమే తెలుసు. మిగతా సగం నేనే.

తాత అంటే మా మామగారు. చెన్నూరు దగ్గర గోదావరి మీద చేపలు పట్టిన మనిషి. ఆయన వల విసిరితే ఆకాశంలో ఎగిరే కొంగలు కూడా ఒక పక్కకు జరిగేవని నా నమ్మకం. తొలివానలకు వాగు ఎర్రగా పొంగి, ఎండకు సన్నబడ్డ పచ్చటి నదిలో కలిసే చోట, ఎరుపూ పచ్చా చాలాసేపు కలవకుండా పక్కపక్కనే పారుతుండేవి. ఆ కొత్తనీటి వాసనకు కడుపులు నిండిన బొచ్చె చేపలు బారులు తీరి వాగులోకి ఎదురెక్కేవి. వాటి వీపులు నీళ్లపైకి తేలి మునుగుతుంటే, నిద్రలో ఎవరో మెల్లగా ఊపిరి తీస్తున్నట్టు ఉండేది. అవి ఎక్కి, గుడ్లు పెట్టి దిగేదాకా, ఓ ఎనిమిది రోజులు, వాగు మూతి దగ్గర ఎవరూ వల వేయకూడదు. ఇది ఎక్కడా రాసి పెట్టిన నియమం కాదు. మా మామగారి ముఖం చూసి అందరూ ఆగేవారు, అంతే. మిరుగం కూరకు నదిలో దూరంగా పట్టిన జెల్లలతో గడుపుకునేవారు.

నేను కొత్త అల్లుడిని. నా ఆకలి ఏనుగుదైతే, నా డాబు రెండేనుగులది. తొలి మిరుగానికి అత్తారింటికి వెళ్లి, బొచ్చె జన కూర తింటే చెన్నూరులోనే తినాలట కదా అని పీట మీద కూర్చుని ఒక మాట విసిరాను. మామగారు నవ్వి, "ఎనిమిది రోజులాగు అల్లుడా, చేపలు ఎక్కి దిగినంక నీ అంత బొచ్చె తెస్త" అన్నారు. అత్తగారు అందుకుని, "మిరుగం ఎనిమిది రోజులు ఆగుతదా? పిల్లగాడు నోరు తెరిచి అడిగిండు" అంది. అక్కర్లేదని నేను ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. పైగా అన్నం సగంలో చేయి కడుక్కున్నాను. ఆ రోజుల్లో కొత్త అల్లుడు సగంలో చేయి కడుక్కుంటే ఇంటి దూలాలు కదిలేవి.

తెల్లవారి ఆయన వాగు మూతి నుంచి భుజాన మోసుకొచ్చిన చేప తోక వాకిట్లో నేలను ఊడ్చింది. జన ఒక్కటే కూర వండే గంజు నిండా వచ్చింది. ఆ కూర నేను ఎంత తిన్నానంటే, లేవడానికి ఇద్దరు చేయి అందించాల్సి వచ్చింది. మామగారు ముట్టలేదు. వాకిట్లో వెలిగించని బీడీ పట్టుకుని కూర్చున్నారు.

అంత చేపను ఊరి కంట పడకుండా తేవడం ఎవరి తరం? మధ్యాహ్నానికి, వరసకు తమ్ముడయ్యే ఒకాయన వల భుజాన వేసుకుని వాకిట్లో ఆగి, "అన్నా, నోరు నీ అల్లునికే ఉన్నదా, మా అల్లుండ్లకు లేదా?" అన్నాడు. ఆ సాయంత్రానికి చెన్నూరులో అల్లుడు లేని ఇల్లు లేదు. పెళ్లికాని పిల్లలున్న ఇళ్లకు కూడా అల్లుళ్లు వచ్చేశారు. వాగు మూతికి అడ్డంగా ఈ గట్టు నుంచి ఆ గట్టుకు వలలే వలలు.

మరుసటేడు మామగారు వాగు మూతి దగ్గర నడుము లోతు నీళ్లలో చేతులు చాచి నిలబడ్డారని మా ఆవిడ చెప్పింది. జనం ఆయనకు రెండు పక్కలా వలలు వేసుకున్నారట. ఎవరూ కోపంగా మాట్లాడలేదట, పక్కకు జరుగు అన్నా అని మర్యాదగానే అన్నారట. నాలుగైదేళ్లకు ఎదురెక్కే చేపలు పలచబడ్డాయి. తర్వాత జానెడు చేపలే వచ్చాయి, తర్వాత అవీ లేవు. ఎగువన ఆనకట్టలు వచ్చాయనీ, వానలు మారాయనీ అంటారు. అవీ నిజాలే కావచ్చు. నాకు మాత్రం గంజు కనిపిస్తుంది. మామగారు బతికినన్నాళ్లూ ఆ సంగతి నా ముందు ఎత్తలేదు. అల్లుడా అని పిలవడంలో ఆప్యాయత వీసమైనా తగ్గించలేదు. ఒకసారి తిట్టి ఉంటే ఈపాటికి మరిచిపోయేవాడిని.

తొలివానకు ఇప్పటికీ వీలున్నప్పుడల్లా అక్కడికి వెళ్తాను. ఎరుపూ పచ్చా అలాగే పక్కపక్కన పారుతుంటాయి. వల వేసేవాళ్లు లేరు, వద్దని బతిమాలుకోవాల్సిన మనిషీ లేడు. ఎనిమిది రోజులేమిటి, ఏడాదంతా వాగు మూతి ఖాళీగానే ఉంటుంది. కొత్తనీరు ఎవరినో పిలుస్తున్నట్టు కాసేపు ఒడ్డు వెంట తచ్చాడి, తర్వాత నదిలోకి వెళ్లిపోతుంది.