దొరసాని ముక్కుకు పాత చట్టమే

గంజాయి చట్టం మారిన రోజు ఉదయం కూడా కుక్కలాయన ఎప్పటిలాగే ఆరున్నరకల్లా షెడ్డుకు వెళ్లి నీళ్ల గిన్నె కడిగాడు. వీధిలో ఆయన్ని అందరూ అలాగే పిలుస్తారు. పోలీసు శాఖలో పందొమ్మిదేళ్లుగా కుక్కల చేత వాసన పట్టించడమే ఆయన ఉద్యోగం. ఇప్పుడు చేతిలో ఉన్నది మూడో కుక్క. కాగితాల్లో దానికి ఒక నంబరు ఉంది. బురదలో కాలు పెట్టదు, కడగని గిన్నెలో నీళ్లు ముట్టదు కనుక ఆయన దానికి దొరసాని అని పేరు పెట్టుకున్నాడు.

దొరసానికి నాలుగు రకాల మత్తు సరుకుల వాసన తెలుసు. బస్టాండులోనూ రైల్వే పార్సిళ్ల దగ్గరా సామాన్ల వరస వెంట నడుస్తుంది. నాలుగింటిలో ఏది తగిలినా మొరగదు, గోళ్లతో గీరదు. ఆ సంచి ముందు చప్పుడు లేకుండా కూర్చుంటుంది. అప్పుడు ఆయన జేబులోంచి చుట్టిన పాత తువ్వాలు తీసి విసురుతాడు. రెండు నిమిషాలు దాన్ని లాగి, పీకి ఆడుకోవడమే దాని జీతం. మొదట నేర్పిన వాసన గంజాయి. ఆ తర్వాత మిగతా మూడు. అన్నింటికీ ఒకటే కూర్చోవడం. ఏ వాసనకు కూర్చుందో దానికి తెలుసు గానీ చెప్పే దారి లేదు.

చిక్కు అక్కడే వచ్చింది. కొత్త చట్టం ప్రకారం పెద్దవాళ్లు ముప్పై గ్రాముల దాకా గంజాయి దగ్గర ఉంచుకోవచ్చు. లైసెన్సు దుకాణంలో పన్ను కట్టి కొనుక్కోవచ్చు. ఇక కుక్క కూర్చుంది కదా అని సంచి విప్పితే లోపల నేరమే ఉండకపోవచ్చు. అలా విప్పిన సంచిలో ఇంకేం దొరికినా కేసు నిలవదని శాఖ న్యాయ విభాగం తేల్చింది.

చట్టం రాకముందు రెండేళ్లు చర్చ నడిచింది. ఆయన ఇంట్లో ఆ చర్చ ఆదివారం భోజనాల దగ్గర జరిగేది. భార్య దర్జీ. ముందు గదిలో రెండు మిషన్లు వేసుకుని వీధి వీధంతటికీ బట్టలు కుడుతుంది. ఆమె తమ్ముడికి చెప్పుల దుకాణం ఉంది. వాదనంటే చెవి కోసుకుంటాడు.

"సిగరెట్టుకు పన్నుంది, మందుకు పన్నుంది. దీనికి మాత్రం జైలెందుకు బావా? అమ్ముకోనిచ్చి పన్నేస్తే ఆస్పత్రులు కట్టొచ్చు."

"మందు మీద పన్నుతో మన వీధికి సిమెంటు రోడ్డేశార్రా," అంది అక్క. "మన మావయ్య తాగి పడి పళ్లు రాలగొట్టుకుంది ఆ రోడ్డు మీదే."

"మట్టి రోడ్డయితే పడడా అక్కా?"

"పడతాడు. పళ్లు మిగిలేవి."

"నువ్వు చెప్పు బావా, పోలీసోడివి."

"నన్నడక్కురా. కుక్క ఎక్కడ కూర్చుంటే అక్కడ ఆగేవాణ్ణి నేను."

ఆయనకు అభిప్రాయం లేక కాదు. ఏడేళ్లలో దొరసాని మూడొందల చిల్లర సార్లు కూర్చుంది. వాటిలో లారీకెత్తిన సరుకు నాలుగుసార్లు. మిగతాదంతా జేబు సరుకే. నడుము నొప్పికని చిటికెడు పొట్లం దాచుకున్న వడ్రంగి ఒకడు అలా దొరికి ఆరు నెలలు లోపలుండి వచ్చాడు. ఆ తర్వాత వీళ్ల ఇంటి తలుపు బాగుచేయడానికి అతనే వచ్చాడు. తలుపు బిగించి, కూలి తీసుకుని, "మీ కుక్క బాగుందాండీ?" అని అడిగి వెళ్లాడు. అందులో ఎత్తిపొడుపు ఉందో లేదో ఈయనకు ఇప్పటికీ తేలలేదు. చట్టం మారితే బాగుండునని ఆ రోజే అనుకున్నాడు. ఎవరితోనూ అనలేదు.

చట్టం మారాక ఇన్‌స్పెక్టర్ పిలిచాడు. కుర్రవాడు, మంచివాడు.

"అరవై రోజులు టైమిస్తున్నారు. దానికి గంజాయి మరిపించండి. పరీక్ష పాసయితే ఇంకో రెండేళ్లు పని చేస్తుంది. లేదంటే రిటైరే."

"రిటైరయితే ఎక్కడికి సార్?"

"వయసుడిగిన జంతువుల షెడ్డుంది కదా, అక్కడికి. లేదా మీరు ఇంటికి తీసుకెళ్లొచ్చు. ఇంట్లో పెద్దవాళ్లంతా ఒప్పుకుని సంతకం పెట్టాలి. మీ ఆవిడ పెడుతుందా?"

"పెట్టదు సార్."

ఆ సంగతి ఆయన అప్పటికే అడిగి చూశాడు. భార్య మిషను ఆపకుండానే జవాబిచ్చింది. "బట్టలు కుట్టే ఇల్లండీ ఇది. వెల్వెట్ మీద ఒక్క వెంట్రుక పడితే బేరం పోతుంది. మీ దొరసాని రోజుకో దిండుకు సరిపడా రాలుస్తుంది."

కనుక మరిపించక తప్పలేదు. పద్ధతి చెప్పడానికి తేలిక. గంజాయి డబ్బా దగ్గర కుక్క కూర్చున్నప్పుడల్లా ఆయన స్తంభంలా నిలబడాలి. తువ్వాలు తీయకూడదు, మాట్లాడకూడదు, ముఖం కూడా మారకూడదు. మిగతా మూడింటికి మాత్రం ఎప్పటిలా ఆట. మొదటి వారం దొరసాని తాను కూర్చోవడంలోనే ఏదో లోపం ఉందనుకుంది. లేచి, కాళ్లు సర్దుకుని, వెన్ను నిటారుగా పెట్టి ఇంకా శ్రద్ధగా కూర్చుంది. రెండో వారం ఆయన జేబును ముక్కుతో పొడిచింది. మూడో వారం రెండు రోజులు తిండి మానేసింది. ఆయనకూ ముద్ద దిగలేదు. తప్పు చేసిన కుక్కను కసరడం ఆయనకు అలవాటే. సరిగ్గా చేసిన కుక్కకు మొండిచేయి చూపడం ఉద్యోగంలో ఇదే మొదటిసారి.

ఆరో వారానికి అది డబ్బా దాటి వెళ్లడం మొదలెట్టింది. ఎనిమిదో వారంలో ఒక్కసారి కూడా కూర్చోలేదు.

పరీక్ష రోజు పార్సిల్ షెడ్డులో పన్నెండు అట్టపెట్టెలు వరసగా పెట్టారు. ఏ పెట్టెలో ఏముందో ఆయనకు చెప్పలేదు. ఇన్‌స్పెక్టర్, పశువైద్యుడు, శాఖ తరఫు న్యాయవాది ఒకామె కుర్చీల్లో కూర్చున్నారు. దొరసాని మూడో పెట్టె దగ్గర కూర్చుంది. తువ్వాలు దొరికింది. ఏడో పెట్టె దాటింది. తొమ్మిది దగ్గర, పన్నెండు దగ్గర మళ్లీ కూర్చుంది.

"శభాష్!" అన్నాడు ఇన్‌స్పెక్టర్, చేతిలో కాగితం చూసుకుని. "మూడుకు మూడూ పట్టింది. గంజాయి జోలికే పోలేదు. పాస్!"

పశువైద్యుడు పెన్ను తీశాడు. కుక్కలాయన కదల్లేదు.

"సార్, గంజాయి ఏడో పెట్టెలో ఉంది కదూ?"

ఇన్‌స్పెక్టర్ కాగితం మళ్లీ చూశాడు. "ఎవరు చెప్పారు మీకు?"

"అదే చెప్పింది సార్."

"నేను కళ్లార్పకుండా చూశానండీ," అన్నాడు పశువైద్యుడు. "అది కూర్చోలేదు."

"కూర్చోలేదు డాక్టరుగారూ. ఎడమ చెవి కొస వెనక్కి వాల్చింది. అది చూసి నా చేతిలో తాడు బిగిసింది. ఇవాళ పరీక్ష కాబట్టి సర్దుకుని నడిపించాను. రేపు బస్టాండు రద్దీలో తాడు బిగిస్తే అది ఆగి మళ్లీ వాసన చూస్తుంది. మళ్లీ చూస్తే కూర్చుంటుంది. ఎవరో పన్ను కట్టి కొనుక్కున్నవాడి సంచి విప్పుతాం."

"చెవి వాల్చిందని రిపోర్టు రాస్తే పైవాళ్లు నవ్వుతారయ్యా!" ఇన్‌స్పెక్టర్ తల పట్టుకున్నాడు. "సరే, కుక్క పాసయింది. తాడు వేరే ఎవరికైనా ఇద్దాం. వాళ్లకు ఈ చెవి గోల తెలియదు," అన్నాడు.

ఇది కుక్కలాయన ఊహించలేదు. నిజం చెబితే దొరసాని ఉద్యోగం పోతుందని తెలుసు. అది ఉద్యోగంలోనే ఉండి తాను పరాయివాడు కావచ్చని తట్టలేదు. తాడును చేతికి ఇంకో చుట్టు చుట్టుకున్నాడు.

అప్పటిదాకా రాసుకుంటున్న న్యాయవాది కళ్లద్దాలు తీసింది. "ఇప్పుడు మనందరికీ తెలిసిపోయింది కదండీ. రేపు కోర్టులో అవతలి లాయరు 'చెవి కదిలిందా లేదా' అని నన్నడిగితే ఏం చెప్పమంటారు? తాడు ఎవరి చేతిలో ఉన్నా చెవి దానిదే." ఆమె కాగితం మీద ఒక గీత కొట్టి ఇన్‌స్పెక్టర్ ముందుకు తోసింది. దొరసాని రిటైరయింది.

మధ్యాహ్నం ఇంటికి వచ్చి భార్యకు జరిగింది చెప్పాడు. ఆమె కోటు చేతులు అతుకుతోంది.

"ఎవరూ చూడలేదంటున్నారుగా. మరెందుకు చెప్పారు?"

"నేను చూశాను కదా."

ఆమె కుట్టు చివరిదాకా వేసి దారం తెంపింది. "ఆ షెడ్డు ఎంత దూరం?"

"బస్సులో ఆరు గంటలు."

"నెలకోసారి పరిగెడతారు చూడ్డానికి."

"రెండుసార్లు వెళ్తాను."

"అక్కడ గిన్నె కడిగి నీళ్లు పోస్తారా?"

"ఎక్కడ కడుగుతారు? నలభై కుక్కలు."

"అయితే తాగదు. ఏదీ, ఆ సంతకాల కాగితం ఇటివ్వండి." ఇచ్చాడు. ఆమె సంతకం పెట్టకుండా చదివింది. "ముందు గదిలోకి రాకూడదు."

"రాదు."

"రోజుకు రెండుసార్లు ఇల్లు మీరే ఊడవాలి."

"నేనా?"

"పెళ్లయి ఇరవై రెండేళ్లయింది. మీరు చీపురు పట్టగా చూసే యోగం దొరసాని పుణ్యమా అని అయినా రానివ్వండి."

ముందు గది నిషేధం పందొమ్మిది రోజులు నిలిచింది. ఇరవయ్యో రోజు నుంచి దొరసాని రెండో మిషను కింద పడుకుంటోంది. వెల్వెట్ పని ఇప్పుడు ఆవిడ వెనక గదిలో చేస్తుంది. బావమరిది ఎప్పటిలాగే ఆదివారాలు వస్తున్నాడు. నిషేధం పోయాక మొదటి ఆదివారం అతను గుమ్మంలో అడుగుపెట్టగానే దొరసాని వెళ్లి అతని ముందు కూర్చుంది, వెన్ను నిటారుగా.

"పన్ను కట్టానే తల్లీ! ఇదిగో బిల్లు!" అతను జేబులు తడుముకున్నాడు.

కుక్కలాయన తువ్వాలు విసిరాడు.

"దొంగను పట్టినట్టు దానికి బహుమానం కూడానా బావా?"

"అది సరిగ్గానే చెప్పింది కదరా."

"వాణ్ణేం అనకండి," అంది అక్క లోపలి నుంచి. "ఆస్పత్రి కట్టిస్తున్నాడు పాపం."

కుక్కలాయన చేతికి కొత్తగా ఏడు నెలల కుక్కపిల్ల వచ్చింది. దానికి మూడు వాసనలే నేర్పుతున్నాడు. గంజాయిని పట్టించుకోకుండా దాటిపోవడం అలవాటు కావాలి కనుక ఆ డబ్బా కూడా వరసలో పెడతాడు. పిల్ల దాన్ని ఉల్లిపాయ బుట్టను దాటినట్టు దాటుతుంది. మునుపు ఆ సరుకు కావాలంటే మూడు సంతకాలు, ఒక సీలు కావలసి వచ్చేవి. ఇప్పుడు లైసెన్సు దుకాణంలో కొనుక్కోమన్నారు. మొదటిసారి యూనిఫాంలోనే వెళ్లి వరస చివర నిలబడ్డాడు. ముందున్న ఇద్దరు వెనక్కి తిరిగి చూసి, వరస వదిలేసి గబగబా నడిచారు.

"ఆగండయ్యా, నేనూ కొనడానికే వచ్చాను!" అని కేకేశాడు.

వాళ్లు నమ్మలేదు. మలుపు దాకా నడిచి, అక్కణ్ణుంచి పరుగందుకున్నారు.