సింహాచలం మావయ్య పచ్చబడిన రోజు

మనుషులు నోరు జారి కొంపలు ముంచుతారని మీరు వినే ఉంటారు. నేను నోరు జారకుండానే ముంచాను. ఆ కొంప నాది కూడా కాదు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందన్నారు పెద్దలు. నోరు మూసుకుంటే ఏమవుతుందో చెప్పకుండా వెళ్ళిపోయారు. ఆ లోటు తీర్చే భాగ్యం నాకు దక్కింది. నవ్వొస్తే నవ్వండి, తప్పులేదు. నేనూ నవ్వుతూనే మొదలుపెడతాను.

ఎనభైల మొదట్లో మాట. జంషెడ్‌పూర్‌లో ఒక ఆసుపత్రి కంటి విభాగంలో నేను ఫోటోగ్రాఫర్ని. ఆసుపత్రిలో ఫోటోలేమిటని మా అమ్మ కూడా అడిగింది. అంతకుముందు సాక్చీలో ఒక స్టూడియోలో పెళ్ళికొడుకుల మొటిమల్ని సన్న బ్రష్షుతో మాయం చేస్తూ బతికేవాణ్ణి. అంతలో ఆ ఆసుపత్రికి జపాను నుంచి ఒక కెమెరా దిగింది. అది మొహం తియ్యదు. కనుపాపలోంచి లోపలికి చూసి కంటి వెనక గోడను తీస్తుంది. ఫిల్ము కడగడం తెలిసినవాడు కావాలన్నారు, నేను దొరికాను.

బల్ల మీద చిన్న ఫిరంగిలా ఉండేది ఆ మిషన్. ఇవతల గడ్డం ఆనించే చట్రం, అవతల నా స్టూలు. మొదటిసారి దానిలోంచి ఒక మనిషి కంటి లోపల చూసినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. ఉక్కు ప్లాంటువాళ్ళు స్లాగు, అంటే నిప్పులా కరిగిన చిట్టెం, పారబోసినప్పుడు మా ఊరి ఆకాశం ఎర్రగా వెలుగుతుందే, అచ్చం ఆ రంగు. దాని మీద సువర్ణరేఖ నది పాయల్లా సన్నటి నరాలు. ఆ రోజు నుంచి నా నడక మారిపోయింది. బజారులో ఎదురైనవాళ్ళ మొహాలు చూడటం మానేశాను. మొహాలు ఎవడైనా చూస్తాడు, మనం లోపలి మనుషులం!

ఆ కెమెరాతో చేసే గొప్ప పరీక్ష ఇంకొకటి ఉంది. మోచేతి నరంలోకి పచ్చటి రంగు మందు ఎక్కిస్తారు. అది క్షణాల్లో కంటికి చేరుతుంది. నీలం వెలుగులో టపటపా ఫోటోలు తీస్తే నరాలు దీపాల్లా మెరుస్తాయి, ఎక్కడ కారుతున్నాయో పట్టుబడిపోతాయి. ప్రమాదమేమీ లేదు. కాకపోతే పరీక్షయ్యాక మనిషి ఒళ్ళంతా పసుపు రాసినట్టు పచ్చబడుతుంది, ఉచ్చ కూడా పచ్చగా వస్తుంది. మర్నాటికి అదే పోతుంది. ఆ ముక్క ముందుగా చెప్పాలి, అంతే. తెలుగువాళ్ళకి చెప్పే పని నాది.

మా డాక్టరుగారు బెంగాలీ ఆయన. "సూరీ, పహలే సమ్‌ఝా దేనా," అనేవారు ప్రతిసారీ. "ముందే చెప్పెయ్, లేకపోతే ఇంటికెళ్ళి ఏడుపులు పెడతారు" అని.

"జీ సర్," అనేవాణ్ణి నేను.

ఇప్పుడు సింహాచలం గారి దగ్గరికి వద్దాం. పాలకొండ వైపు నుంచి వచ్చి బిర్సానగర్‌లో స్థిరపడిన మనిషి. ప్లాంటులో క్రేన్ నడిపేవాడు. కరిగిన ఉక్కు నింపిన గంగాళాన్ని మనుషుల తలల మీదుగా మోసుకెళ్ళి చెప్పిన చోట దించడం ఆయన ఉద్యోగం. మా తెలుగువాళ్ళంతా ఆయన్ని బాబాయి అనేవారు. నేనొక్కణ్ణే మావయ్య అనేవాణ్ణి. ఎందుకంటారా? బాబాయి అంటే ఆయన కూతురు కుమారి నాకు చెల్లెలైపోతుంది. అంత నష్టం నేను భరించలేను.

ఆయనకి షుగరుంది. ఒకరోజు మా డాక్టరు ముందు కూర్చుని, "కళ్ళకాడ పొగ సుట్లు సుట్లుగా తిరుగుతున్నాది బాబూ," అన్నాడు. "డూటీలో పొగ మామూలే. ఇది ఇంటికాడ కూడా వత్తన్నాది."

"డ్యూటీ ఎలా చేస్తున్నావు మరి?" అని డాక్టరు అడిగితే నేను తెలుగు చేశాను.

"అదే బయ్యం. కింద మనుసులుంటారు. గంగాలం జానెడు పక్కకెల్లినా సాలు, ఎముకలు కూడా దొరకవు. పై ఆపీసరుకి సెప్తే నన్ను క్రేన్ మీంచి దించీత్తారు. సెప్పకపోతే నాకు నిద్దర పట్టట్లేదు."

రంగు మందు పరీక్ష చేద్దామన్నారు డాక్టరు. నరాలు కారుతుంటే ఆలస్యం లేకుండా మద్రాసు వెళ్ళాలి, అక్కడ వెలుగుతో కాల్చి ఆపుతారు అన్నారు.

పరీక్ష రోజున ఆయనతోపాటు భార్య పైడమ్మ, కూతురు కుమారి వచ్చారు. నేను తల నిగనిగలాడేలా నూనె రాసుకుని ఉన్నాను. ఇక చూడండి నా వాగ్ధాటి! మిషన్ ఏ దేశానిదో, అద్దాలు ఎలా చేస్తారో, ఫిల్ము ఎలా తిరుగుతుందో, పెళ్ళిచూపుల్లో ఆస్తిపాస్తులు చెప్పుకున్నట్టు చెప్పుకుపోయాను.

"సూది ఎందుకు బాబూ?" అంది పైడమ్మ.

"రంగు మందు అత్తయ్యా. నరంలోకి ఎక్కిందంటే కంటి లోపల దీపాల వరసే!"

కుమారి అప్పుడు నోరు విప్పింది. ఇంట్లో తెలుగులో అడిగితే హిందీలో జవాబిచ్చే రకం. "బాద్ మే కుఛ్ హోగా తో నహీ?" అంది. తర్వాత ఏమీ కాదు కదా అని.

ఇదిగో, చెప్పాల్సిన చోటు ఇదే. నోరు తెరిచాను కూడా. కానీ ఏ మాట వాడను? మూత్రం అంటే పంచాంగం చదివినట్టుంటుంది. ఒంటేలు అంటే బళ్ళో చెయ్యెత్తిన పిల్లాడిలా ఉంటుంది. ఉచ్చ అందామంటే, ఆ పిల్ల పెద్ద పెద్ద కళ్ళతో సూటిగా నన్నే చూస్తోంది. నా జీవితంలో ఆ పిల్లతో మాట్లాడబోయే మొదటి పూర్తి వాక్యం ఉచ్చ గురించా?

"ఏమీ కాదు. కొంచెం రంగు... అంతే," అన్నాను.

"ఏం రంగు?"

"ఫోటోలో."

తర్వాత మావయ్యని వరండాలోకి పిలిచి మగాడితో మగాడిగా అంతా చెప్పేద్దామనుకున్నాను. అంతలో నర్సు సిరంజి పట్టుకుని వచ్చి, "సమ్‌ఝా దియా?" అని అడిగింది.

"దియా," అన్నాను, అంతా చెప్పేసినవాడిలా.

మందు ఎక్కింది. సింహాచలం మావయ్యకి కడుపులో తిప్పి కొంచెం వాంతి అయింది. అది మామూలే. నేను టపటపా ఫోటోలు తీసి, రీలు తీసుకుని చీకటి గదిలోకి పరిగెత్తాను. బయటికొచ్చేసరికి వాళ్ళు వెళ్ళిపోయారు. పోనీలే, సాయంత్రం ప్రింటు చూపించే వంకతో వెళ్తాను కదా, అప్పుడు చెప్పొచ్చు అనుకున్నాను. గదికెళ్ళి గడ్డం గీసుకున్నాను. బొగ్గుల ఇస్త్రీపెట్టె రాజేసి చొక్కా ఇస్త్రీ చేసుకున్నాను. కాలర్ మడత కుదరలేదని మళ్ళీ చేశాను. నేను కాలర్ మీద ఇనుము నొక్కుతున్నప్పుడు బిర్సానగర్‌లో ఇంకో ఇనుము కాలుతోందని నాకేం తెలుసు?

వాళ్ళ ఇంటి ముందు జనం మూగి ఉంటే తోసుకుని ముందుకెళ్ళాను. నులకమంచం మీద సింహాచలం మావయ్య కూర్చుని ఉన్నాడు. మొహం, మెడ, గోళ్ళు, కళ్ళలో తెల్లగుడ్లు అన్నీ పసుపే. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందంటారు. ఇక్కడ లోకం కళ్ళు బాగానే ఉన్నాయి, మనిషే పచ్చగా కనిపిస్తున్నాడు.

"ఏటైనాది అత్తయ్యా?" అన్నాను, తెలియనట్టు.

పైడమ్మ ఏడుస్తూ చెప్పింది. "కామెర్లు బాబూ! ఆసుపత్రి నుంచొచ్చీసరికి ఒల్లంతా పసుపెక్కిపోనాది. వాంతయినాది. ఉచ్చ సూత్తే కుంకుడు రసంనాగ ఉంది. పోయిన వానాకాలం పక్కింటి కోడల్ని ఇవే కామెర్లు తీసుకుపోనాయి. మా బతుకేటవుతాది!"

చూశారా, నేను పొద్దున్నుంచి మింగిన మాటను ఆవిడ ఎంత తేలిగ్గా అనేసిందో!

మంచం పక్కన ఎర్రయ్య తాత కూర్చుని ఉన్నాడు. కామెర్లకి వాతలు వెయ్యడంలో ఆయన పేరున్నవాడు. బొగ్గుల కుంపట్లో కొడవలి మొన ఎర్రగా కాలుతోంది. అప్పుడు తగిలింది వాసన. మావయ్య కుడి మణికట్టు మీద ఒక వాత అప్పటికే పడిపోయింది. రెండోదానికి సిద్ధమవుతున్నారు.

"ఆగు తాతా! కామెర్లు కావు! అది మేం చేసిందే!" అని అరిచాను.

జనమంతా నా వైపు తిరిగారు.

"కామెర్లు మీరు ఎక్కించినారేట్రా?" అన్నాడు ఎర్రయ్య తాత.

"కామెర్లు కాదు తాతా, రంగు. ఫోటో కోసం రంగు ఎక్కించాం."

"రంగు గుడ్డకేత్తారు గానీ మనిసికేత్తారేట్రా?"

"రేపటికి పోతుంది! దానంతటదే పోతుంది! ఉచ్చలో పోతుంది!"

బిర్సానగర్ అంతా వినపడేలా ఆ మాట అన్నాను. పొద్దున గదిలో ముగ్గురి ముందు మెల్లిగా అని ఉంటే సరిపోయేది.

కుమారి తండ్రి చెయ్యి పట్టుకుని కూర్చుని ఉంది. తలెత్తి అడిగింది. "తుమ్‌కో మాలూమ్ థా?"

తెలుసా నీకు, అని. తెలుసన్నాను.

"తో బోలా క్యోఁ నహీ?"

మరెందుకు చెప్పలేదు? దానికి నా దగ్గర జవాబుంది. కాకపోతే ఇస్త్రీ చొక్కా వేసుకుని చెప్పదగిన జవాబు కాదది.

ఎర్రయ్య తాత మాత్రం పట్టు వదల్లేదు. "ఒక్కదానితో సగమే దిగుద్ది. రెండోది పడాల," అన్నాడు.

"ఒగ్గీయ్ తాతా, సాలు," అన్నాడు సింహాచలం మావయ్య. తర్వాత నా వైపు తిరిగాడు. కోపం లేదు ఆ మొహంలో. "ఇన్నేల్లూ నిప్పు నెత్తిన ఊరేగినాను రా సూరీ. ఒక్క రవ్వ ముట్టుకోనేదు. ఆకరికి మంచం మీద కూకుని కాలినాను సూడు."

మర్నాడు పొద్దున్నకి పసుపంతా దిగిపోయింది. ఆ కీర్తి ఎవరికి దక్కిందో మీరే ఊహించుకోండి. కెమెరా తెచ్చిన కామెర్లను ఎర్రయ్య తాత ఒక్క వాతతో దించేశాడని గోవింద్‌పూర్ దాకా పాకింది. ఆయన గుమ్మం ముందు జనం బారులు తీరారు. రంగు సంగతి నేను ఎంత మొత్తుకున్నా నమ్మినవాళ్ళు ముగ్గురే. మా డాక్టరు, మావయ్య, కుమారి. వాళ్ళు కూడా నమ్మకపోతే బాగుండేదని చాలాసార్లు అనుకున్నాను.

డాక్టరుగారు నన్ను తిట్టలేదు. మావయ్య మణికట్టు చూసి, "షుగర్ హై ఇన్‌కో," అన్నారు. ఆయనకి షుగరుంది. అంతే. తర్వాత నేను కడిగిన ఫోటోలు దీపానికి ఎదురుగా పెట్టి చూశారు. నేను తీసినవాటిలో అంత బాగా వచ్చినవి ముందూ లేవు, తర్వాతా లేవు. రెండు కళ్ళలోనూ నరాలు కారుతున్న చోట్లు పత్తి పువ్వుల్లా విచ్చుకుని స్పష్టంగా ఉన్నాయి. వెంటనే మద్రాసు పంపాలన్నారు.

పంపడానికి లేకపోయింది. షుగరు ఒంట్లో కాలిన పుండు మానదు. చీము పట్టింది, జ్వరం వచ్చింది, చెయ్యి మోచేతి దాకా వాచింది. సర్జికల్ వార్డులో చేర్చారు. కోసి శుభ్రం చేశారు, మళ్ళీ కోశారు. చెయ్యి దక్కింది గానీ రెండు వేళ్ళు వంకర తిరిగి అలాగే ఉండిపోయాయి. నేను రోజూ టిఫిన్ పట్టుకెళ్ళేవాణ్ణి. అంతకంటే ఏం చెయ్యాలో తెలియలేదు.

ఒక పొద్దున కిటికీలోంచి ఎండ మంచం మీద పడుతోంది. ఇడ్లీ తుంచి ఆయన ఎడమ చేతిలో పెట్టబోయాను.

"సూరీ, కరెంటు పోనాదా?" అన్నాడు.

"లేదు మావయ్యా. పగలు ఇది."

ఒక కన్ను మూసి చూశాడు, తర్వాత రెండోది మూసి చూశాడు. "అయితే ఎడమదానికే పోనాది," అన్నాడు. కంటి లోపల నెత్తురు చిమ్మింది. నేను ఫోటోలో చూపించిన చోటే చిమ్మింది.

ఆ తర్వాత మద్రాసు తీసుకెళ్ళారు. కుడి కన్ను నిలబడింది, ఎడమది తిరిగి రాలేదు. ఆయన్ని క్రేన్ మీంచి దించి క్యాంటీన్లో కూర్చునే పని ఇచ్చారు. ఒకవిధంగా నయమేరా, కింద ఎవడూ చావకుండా దిగినాను అనేవాడు. అది నన్ను ఓదార్చడానికి అన్న మాటేనని నాకు తెలుసు.

కొన్ని నెలలకి కుడి కంటికి మళ్ళీ అదే పరీక్ష పడింది. నేను ఈసారి సిగ్గూ లజ్జా వదిలేసి, గొంతు సవరించుకుని, "మావయ్యా, పరీక్షయ్యాక..." అని మొదలుపెట్టాను. ఆయన నన్ను పక్కకి తోసి, బెంచీల మీద కూర్చున్న రోగులందరి వైపు తిరిగాడు.

"ఇనండి! ఈ సూదేత్తే పచ్చగా అయిపోతారు! ఉచ్చ కూడా పచ్చగా వత్తది! బయపడకండి, రేపటికి పోద్ది! ఎవులైనా వాతలేత్తానంటే, ఇదిగో, ఇది సూసుకోండి!" అని వంకర వేళ్ళ చెయ్యి పైకెత్తి చూపించాడు. జనం భయంతో చూశారు. నర్సు నవ్వింది. ఆయన కూడా నవ్వాడు. నేను నవ్వబోయి కెమెరా గదిలోకి వెళ్ళిపోయాను.

ఇంత జరిగాక కూడా మా అమ్మ కుమారిని అడగడానికి వెళ్ళింది చూశారూ, తల్లులు అంత ధైర్యస్థులు. సింహాచలం మావయ్య కాదనలేదు. "కుర్రోడు మంచోడే వదినా. నాకేటీ కోపం నేదు. అమ్మిని అడుగు," అన్నాడట.

కుమారి మా అమ్మకి హిందీలో కాదు, శుద్ధమైన తెలుగులో చెప్పిందట.

"తెలిసిన మాట సెప్పనేనోడితో కాపురం ఎలా సేత్తానత్తా? రేపు ఇల్లంటుకున్నా సిగ్గుపడి సెప్పడు."

కాబట్టి చదువరులారా, మీరే సాక్షులు. కన్నెపిల్ల ఎదురుగా ఉన్నా, కలెక్టరు ఎదురుగా ఉన్నా, కన్నతల్లి ఎదురుగా ఉన్నా, ఇక ఈ జన్మలో ఉచ్చ అన్న మాటను మింగనని, తెలుగు, హిందీ, బెంగాలీ, ఒడియా నాలుగు భాషల్లోనూ గొంతెత్తి పలుకుతానని ఇందుమూలంగా శపథం చేస్తున్నాను. ఒట్టు.